ఆఖరి పంక్తి

సాయంత్రం ఏడు కాగానే డర్బన్ పక్కనున్న ఇసిపింగోలో ఫోను రేటు సగమవుతుంది, మృదుల మొగుడికి ఆకలి రెట్టింపవుతుంది. ఈ రెంటినీ ఒకే ఘడియకు ముడిపెట్టినవాడెవడో గానీ, వాడు ఏనాడూ వంట చేసి ఉండడు. ఫోను తీగ ఊడదీసి కంప్యూటరుకు తగిలించగానే మోడెమ్ గీపెట్టడం మొదలుపెడుతుంది, పక్కగదిలో కుక్కరు దానికి వంత పాడుతుంది. మృదుల ఒక కన్ను చారు మీద, ఒక కన్ను తెర మీద వేసి మధ్యలో తిరుగుతూ ఉంటుంది. అప్పుడే ప్రాస్పెక్టన్ కార్ల ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రాఘవ్ గుమ్మంలో బూట్లు విప్పుకుంటూ అంటాడు, "పెట్టేశావా నీ పిల్లకాయల దుకాణం? జీతం లేని ఉద్యోగానికి ఓవర్‌టైం కూడానా?"

రాఘవ్ చెడ్డవాడు కాడు. తాగడు, చెయ్యి చేసుకోడు. ఆ రెండూ చెయ్యడు గనక మిగిలినవన్నీ అనొచ్చనుకుంటాడు, అంతే. సామర్లకోట నుంచి అత్తగారు విమల ఫోను చేస్తే లైను దొరకదు. దొరికిన రోజున, "ఎప్పుడు చేసినా ఎంగేజే. అంత ఊసులు ఎవరితోనమ్మా, ఆ నల్లదేశంలో?" అని అడుగుతుంది. మృదుల "లేదండీ అత్తయ్యా" అంటుంది. ఏది లేదో ఆవిడా అడగదు, ఈవిడా చెప్పదు.

కాకినాడలో ఎంసీఏ చదివి, హైదరాబాదులో ప్రోగ్రాములు రాసి, టీము లీడరు చేత "నీ కోడ్ చదువుతుంటే కథ చదివినట్టుంటుంది" అనిపించుకున్న మనిషి మృదుల. రాఘవ్ వెనకాల దక్షిణాఫ్రికాకు వచ్చినప్పుడు పాస్‌పోర్టులో గుద్దిన ముద్ర ఆమె సంగతి తేల్చి చెప్పేసింది. భర్తతో కలిసి ఉండవచ్చు, ఉద్యోగం చెయ్యకూడదు. అన్నం వండకూడదని గానీ, బట్టలు ఉతక్కూడదని గానీ, రాఘవ్ ఆఫీసు ప్రెజెంటేషన్లు సరిచెయ్యకూడదని గానీ అందులో ఎక్కడా లేదు. జీతం ఇచ్చే పనే పని అని ప్రభుత్వాలు కూడా నమ్ముతాయని ఆమెకు అప్పుడే తెలిసింది.

ఊరికే కూర్చోలేక మొదలుపెట్టింది బ్లాగు. సొంతంగా కంప్యూటర్ ఆటలు తయారుచేసుకునే పిచ్చివాళ్ళు ఈ డర్బన్ చుట్టుపక్కల చాలామందే ఉన్నారు. ఎవరి గదిలో వాళ్ళు, ఎవరి పిచ్చిలో వాళ్ళు. వాళ్ళందరికీ ఒక అరుగు కావాలనిపించింది. 'హాఫ్ బేక్డ్' అని పేరు పెట్టింది. ఉడికీ ఉడకని ఆటలన్నీ అక్కడ పెట్టుకోవచ్చు, ఎవరూ నవ్వరు. మొదట్లో చదివేవాళ్ళను వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. రైస్‌థార్ప్‌లో లెక్కల మాస్టారు నార్మన్ ఒకడు, డర్బన్ బ్యాంకులో పనిచేసే కెరూషా ఒకతె. వచ్చిన ప్రతి ఆటనూ మృదుల చివరిదాకా ఆడేది. ముందు ఏది బాగుందో రాసేది, ఆ తరవాతే ఏది విరిగిందో రాసేది. ఏ భాషలో ప్రోగ్రాము రాయాలన్న దగ్గర మగపిల్లలు జుట్లు పట్టుకుంటే విడదీసేది. అత్తగారికీ ఆడపడుచుకీ మధ్య నెగ్గుకొచ్చిన మనిషికి అదేమంత పని? అలిగి వెళ్ళిపోయినవాణ్ణి బతిమాలి వెనక్కి తెచ్చేది. మూడేళ్ళలో కేప్‌టౌన్ నుంచి కూడా ఆటలు రావడం మొదలైంది. సైటు ఎలా పెరిగిందని ఎవరైనా అడిగితే పెద్ద రహస్యమేమీ లేదు. సంసారం ఎలా నడుస్తుందో అదీ అలాగే నడిచింది, ఒక మనిషి కనిపించకుండా చాకిరీ చేస్తే.

ప్రతి శుక్రవారం ఒక ఆట ముందుపేజీలోకి ఎక్కుతుంది. ముందు వచ్చినవాళ్ళది ముందు, వరస తప్పడానికి వీల్లేదు. ఆ నియమం మృదులే పెట్టింది. నిజానికి ఆ వరసలో అందరికంటే ముందున్న ఆట ఆమెదే, సైటు తెరిచిన రోజే పెట్టుకుంది. వారం వారం దాన్ని ఒక మెట్టు కిందికి జరుపుతూ వచ్చింది. పాపం ఆ కుర్రాడికి పరీక్షలు, ఈ అమ్మాయికి ఇదే మొదటి ఆట, నాదేముందిలే.

ఆ ఆట పేరు 'పంక్తి'. దాని పుట్టుక కూడా ఇసిపింగోలోనే. వాళ్ళు అద్దెకుండేది కోగీ ఆంటీ పెరట్లోని రెండు గదుల ఇంట్లో. ఆవిడ తాతలు ఎప్పుడో విశాఖపట్నం వైపు నుంచి చెరకుతోటల్లో కూలికి ఓడెక్కి వచ్చినవాళ్ళు. ఏటా పెరటాసి అని వాళ్ళు పిలిచే నెలలో ఒక శనివారం గోవిందుడి ప్రార్థన చేసి, అరిటాకులు పరిచి అందరికీ భోజనాలు పెడుతుంది. మొదటి ఏడాది మృదుల కూడా కొంగు బిగించి వడ్డించింది. మగవాళ్ళ పంక్తి, పిల్లల పంక్తి, మళ్ళీ ఆలస్యంగా వచ్చిన మగవాళ్ళ పంక్తి. ఆడవాళ్ళు కూర్చునేసరికి పప్పు అడుగంటింది. నాలుగు తరాల్లో తెలుగు దాదాపు మరిచిపోయారు గానీ ఆ వరస మాత్రం చెక్కుచెదరలేదు. అది చూసి మృదులకు నవ్వొచ్చింది, తరవాత ఒళ్ళు మండింది, ఆ వారమే ఆట రాయడం మొదలుపెట్టింది. ఒక పిల్ల బకెట్టు పట్టుకుని పంక్తి వెంబడి పరుగెడుతుంది. చెయ్యెత్తినవాడి ముఖం ఎర్రబడేలోగా వడ్డించాలి. గెలిచినకొద్దీ పంక్తి పొడుగవుతుంది. ఎంత బాగున్నా దానికి ముగింపు మాత్రం దొరకలేదు. ఎక్కడో ఒకచోట ఎవడో ఒకడు అలిగి లేచిపోతే ఆట అయిపోతుంది. సగంలో ఉందన్న సాకుతో దాన్ని వెనక్కి నెడుతూనే ఉంది, సైటు మొత్తం సగం ఆటలదేనన్న సంగతి మరిచిపోయి.

ఇలా ఉండగా జొహన్నెస్‌బర్గ్‌లో కంప్యూటర్ ఆటల పత్రిక ఒకటి ఉత్తరం రాసింది. నెలాఖరు శుక్రవారం మీ ముందుపేజీలో ఏ ఆట ఉంటే దాన్ని మా పత్రికతో ఇచ్చే సీడీలో వేసి దేశమంతా పంచుతాం అని. మృదుల సంతోషం పట్టలేక రాఘవ్‌కు చెప్పింది. చెప్పకుండా ఉండవలసింది.

మర్నాడు అన్నం కలుపుకుంటూ రాఘవ్ అన్నాడు, "మా డెన్నిస్ లేడూ, సెక్షన్ మేనేజరు? వాళ్ళబ్బాయి జే ఏదో కార్ల ఆట తయారుచేశాడట. నీ సైటుకు పంపాడటగా?"

"పంపాడండీ. పోయిన వారమే."

"ఆ శుక్రవారం అదే పెట్టు. నేను మాటిచ్చేశాను."

"వరసలో చాలామంది ఉన్నారండీ."

"ఆ వరస పెట్టింది నువ్వేగా? మార్చేదీ నువ్వే. డిసెంబరులో నా కాంట్రాక్టు మీద సంతకం పెట్టేది డెన్నిస్, నీ సైటు జనం కాదు." పెరుగు గిన్నె దగ్గరికి లాక్కున్నాడు. "అయినా ఇన్నాళ్ళకు నీ కాలక్షేపం ఇంటికి పనికొస్తుంటే ఏడుస్తావేంటి?"

కాలక్షేపం అన్న మాట దగ్గర మృదుల గరిటె గిన్నెలో పెట్టేసింది. ఆమె ఇంకా తినడం మొదలుపెట్టనేలేదు. ఆ కుర్రాడి ఆట పెట్టకూడదని అప్పుడే గట్టిగా అనుకుంది. ఆ శుక్రవారం న్యాయంగా నార్మన్ వంతు, నార్మన్‌దే పెడతానని కూడా అనుకుంది. తనది పెట్టుకోవాలన్న ఆలోచన అప్పటికి కూడా రాలేదు. అలవాటు అలాంటిది.

శనివారం పొద్దున్న కోగీ ఆంటీ బీన్స్ కూర గిన్నె పట్టుకుని వచ్చింది. తలుపు తీసే ఉంది, తెరమీద 'పంక్తి' ఆడుతోంది.

"ఏమి పిల్లా, ఇదేనా నీ గేము? నాకు చూపీ, మాన్." ఆడైనా మగైనా ఆవిడకు అందరూ 'మాన్'లే, ఆ ఊరి అలవాటు.

మృదుల కుర్చీ ఇచ్చి మీటలు చూపించింది. ఆవిడ బట్టల ఫ్యాక్టరీలో కుట్టుమిషను మీద బతికిన మనిషి, చేతులు చకచకా ఆడాయి. పక్కనే ఉన్న ఎయిర్‌పోర్టులోకి విమానం ఇంటిని ఊపుతూ దిగుతున్నా తల ఎత్తలేదు. "అయ్యో, ఈ ముసిలోడికి మళ్ళీ పప్పంట! ఓపిక పట్టు, రాస్కెల్!" అని తెరను తిట్టింది. చాలాసేపు ఆడి, ఎవడో అలిగి లేచిపోయాక కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

"బాగుండాది, పిల్లా. వెరీ నైస్. కానీ ఈ పిల్ల ఎప్పుడు తింటాది?"

"ఏ పిల్ల ఆంటీ?"

"ఈ బకెట్టు పిల్ల. నాను ఇంతసేపు పరిగెత్తిచ్చినా. దానికి ఆకు ఎక్కడ?"

మృదుల తెరమీది ఆకులన్నీ వరసగా చూసింది. ముసలివాళ్ళకు ఆకులున్నాయి, పిల్లలకున్నాయి, ఆలస్యంగా వచ్చిన అల్లుళ్ళకున్నాయి. పంక్తి చివర కుక్క వస్తే దానికి కూడా ఒక ఆకు గీసింది. ఈ పిల్లకు మాత్రం ఆకు లేదు, కూర్చునే బొమ్మే లేదు. ఎవరూ వద్దనలేదు. మొగుడు చూడలేదు, అత్తగారు చెప్పలేదు. తన చేత్తో తాను కట్టుకున్న లోకంలో కూడా తనలాంటి దానికి అన్నం పెట్టడం మరిచిపోయింది. ఆమెకు ఏడుపు రాలేదు. సిగ్గేసింది, ఆ వెనకే కోపం వచ్చింది.

"మీ ఇంట్లో కూడా ఆడవాళ్ళు ఆఖర్నే కదా ఆంటీ తినేది?" అంది, ఆ కోపం ఎక్కడ పెట్టాలో తెలియక.

"అదేమ్మా నాను చెప్పేది. పదేళ్ళ కిందట ఈ దేశంలో అందురికీ ఓటు వచ్చినప్పుడు మేము లైను నిలబడ్డాము, నా మొగుడు సూబయ్య నా ఎనకాల. దినమంతా. నాను ముందు ఓటు ఏసినా, వాడు తర్వాత. ఎవురూ సావలేదు, మాన్." ఆవిడ నవ్వి లేచింది. "ఇంటికొచ్చినాక మళ్ళీ ముందు వాడికే అన్నం పెట్టినా. పిచ్చిదాన్ని. ఆ కూర ఏడిగా తిను."

ఆ వారమంతా మృదుల ఆఖరి అంకం రాసింది. రాఘవ్ రెండుసార్లు జే ఆట సంగతి గుర్తుచేశాడు, ఆమె రెండుసార్లూ "ఊఁ" అంది. నెలాఖరు శుక్రవారం మధ్యాహ్నం, ఏడయ్యేదాకా ఆగకుండా, పూర్తి రేటుకే ఫోను తీగ తగిలించి 'పంక్తి'ని ముందుపేజీలో పెట్టింది. ఇన్నాళ్ళూ అడ్మిన్ అని ఉన్న చోట మృదుల అని రాసింది. పత్రికకూ అదే కబురు పంపింది. నార్మన్‌కు విడిగా రాసింది, వచ్చే వారం నీది, ఈ వరసలో మొదటి నుంచీ ముందున్నది నాది అని. అతను సరేనన్నాడు. ఇంత తేలికా అని ఆశ్చర్యపోయింది.

ఏడింటికి సైటు తెరిస్తే ఫిర్యాదులు బారులు తీరి ఉన్నాయి. ఆఖరి అంకంలో బగ్ ఉంది అన్నారు. ఆ పిల్ల ఆకేసుకుని కూర్చుంటుంది, పంక్తిలో అందరూ చేతులెత్తుతారు, ముఖాలు ఎర్రబడతాయి. మేం ఏ మీట నొక్కినా తినడం మానేసి లేచిపోతోంది, మళ్ళీ మొదటికి వస్తోంది. ఇంతకీ ఏది నొక్కాలి? కెరూషా ఒక్కతే, గెలిచాను అని రాసి ఊరుకుంది.

మృదుల ఒక్క వాక్యం జవాబు రాసింది, "చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆమె తినేదాకా ఆగండి." తరవాత వంటగదిలో బల్ల దగ్గర కంచం పెట్టుకుని, కూర వేడిగా ఉండగానే తినడం మొదలుపెట్టింది.

రాఘవ్ వచ్చాడు. బూట్లు విప్పాడు, బల్ల దగ్గర కూర్చున్నాడు, తన ముందు ఖాళీగా ఉన్న చోటుకేసి చూశాడు, ఆమె కంచంకేసి చూశాడు. "జే ఆట పెట్టావా?"

"వరసలో ఉందండీ. దాని వంతు వచ్చినప్పుడు పెడతాను."

"అంటే? నేను డెన్నిస్‌కు ఏం చెప్పాలి?"

"వరసలో ఉందని చెప్పండి."

రాఘవ్ ముఖం మెల్లగా ఎర్రబడింది. అలవాటుకొద్దీ, అన్నం గిన్నె కోసం చెయ్యి చాచి గాల్లోనే ఉంచాడు. గిన్నె స్టవ్ మీదే ఉంది, నాలుగడుగుల దూరంలో.

మృదుల పెరుగు వేసుకుని, తీరిగ్గా కలుపుకుంది.