దవడన చిటికెడు

తెలియక ఇచ్చింది తప్పు కాదు సరే, తెలిసిన తరువాత కూడా ఇచ్చినదాన్ని ఏమనాలి?

జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరుకు వస్తున్న బస్సులో అలీ అహ్మద్ ఈ ప్రశ్న తనకు తానే వేసుకున్నాడు. పక్కన అతని చెల్లెలి మొగుడు షంషుద్దీన్, తలకు తువ్వాలు చుట్టుకుని, ఎడమ చెంపను అరచేత పట్టుకుని కూర్చున్నాడు. ఆసుపత్రిలో డాక్టరమ్మ అతని నోరు తెరిపించి చూసి, అతన్ని వసారాలో కూర్చోమని పంపి, అలీ అహ్మద్‌తో విడిగా మాట్లాడింది. పుండు దవడ ఎముకను పట్టిందట. కోసినా నిలవదట. తెల్లమచ్చగా ఉన్నప్పుడే, రెండు మూడేండ్ల ముందు తీసుకువచ్చి ఉంటే చేయగలిగింది ఉండేదట. ఆమె ఆ మాట మామూలుగా అన్నది. మూడేండ్లంటే ఏమిటో విన్నవాడికి తెలుసు.

ప్రొద్దుటూరులో అలీ అహ్మద్‌ది ఆరు మగ్గాల కొట్టం. పదిహేనేండ్ల కిందట ఒక నేతగాడి బీడీ నుంచి రాలిన నిప్పురవ్వ, ఆ ఉదయమే మగ్గానికి ఎక్కించిన పడుగు నూలును నిలువునా కాల్చింది. ఆనాటి నుంచి కొట్టంలోకి బీడీ రాకూడదన్నాడు. కానీ మగ్గం గుంతలో కాళ్లు దింపి పొద్దుగూకులూ కూర్చునే మనిషికి ఏదో ఒక ఆసరా కావాలి. ఆ ఆసరాను కనిపెట్టినవాడూ అతనే. పొద్దున్నే నూలు కండెలు పంచేటప్పుడు, ఇత్తడి డబ్బీ తెరిచి, సున్నం కలిపి నలిపిన పొగాకు, షంషుద్దీన్‌తో సహా ఒక్కొక్క నేతగాడి అరచేతిలో చిటికెడు పెట్టేవాడు. దవడన పెట్టుకుంటే నిప్పు లేదు, బూడిద లేదు. ఆకలి చస్తుంది. మధ్యాహ్నం దాకా ఎవరూ గుంతలోంచి లేవరు.

నేతగాండ్లను సొంత మనుషుల్లా చూసుకుంటాడని అతనికి ఊళ్లో పేరు వచ్చింది. బట్ట ఎక్కువ దిగుతున్నదన్న సంగతిని ఆ పేరు మడతలో పెట్టి దాచుకున్నాడు. కొన్నాళ్లకు తనకే కనిపించనంత లోపలికి పోయిందది.

మూడేండ్ల కిందట, తెలుగువాళ్లకు కొత్త రాష్ట్రం వచ్చిన ఏడు, కంటి పొర చూపించుకోవడానికి అదే ఆసుపత్రికి వెళ్లాడు. అతని దవడలో పొగాకు ఉబ్బును చూసి డాక్టరమ్మ కంటి సంగతి పక్కన పెట్టింది. చేయి పట్టుకుని వార్డు చివరి మంచం దగ్గరికి తీసుకుపోయింది. అక్కడ పడుకున్న మనిషికి చెంప లేదు. ఉండవలసిన చోట గుడ్డ ఉంది. ఈ ఆకు దవడన పెట్టుకునేవాళ్లలోనే ఇలాంటివి చూస్తున్నానని ఆమె చెప్పింది. అలీ అహ్మద్ బయటికి వచ్చి, కొళాయి దగ్గర ఉమ్మి, నోరు కడుక్కున్నాడు. మళ్లీ ముట్టలేదు.

తాను ముట్టలేదు. పంచడం మాత్రం మానలేదు. అప్పుడే పులివెందుల వ్యాపారి పెళ్లిళ్ల కోసం పంచెలు కావాలని కబురు పెట్టి ఉన్నాడు. పొగాకు ఆపితే మనుషులు బీడీ కోసం మాటిమాటికీ వీధిలోకి పోతారు. ఈ పని దాటిపోనీ, చెబుదాం అనుకున్నాడు. అది దాటింది, ఇంకొకటి వచ్చింది. వాయిదా వేసిన ప్రతిసారీ తాను ఏ నిర్ణయమూ తీసుకోలేదనే అనుకున్నాడు. తీసుకున్నాడని ఇప్పుడు తెలుస్తున్నది, రోజుకొక్కసారి చొప్పున.

"ఏమనె డాక్టరమ్మ?" అన్నాడు షంషుద్దీన్. దవడ కదలక మాట ముద్దగా వచ్చింది.

మందులు ఇచ్చిందన్నాడు అలీ అహ్మద్.

షంషుద్దీన్ కుడివైపు చెంపతో నవ్వాడు. "బట్ట కాలగూడదంటివి. కాలలేదు బావా. ఒక్క పోగు గూడా కాలలేదు."

బస్సు కుదుపుకు ఇద్దరి భుజాలూ తగిలాయి. షంషుద్దీన్ మళ్లీ అందుకున్నాడు. "నీవు మానేసి మూడేండ్లాయ గదా. ఏమప్పా అంటే పంటి నొప్పి అంటివి. ఆ ఏడు బక్రీదుకు మా ఇంట్లోనే కూచోని ఎముకలు కొరికితివి. నేను చూస్తానే ఉంటి."

అలీ అహ్మద్ ముందు సీటు కమ్మీని పట్టుకున్నాడు.

"అప్పుడే తెలుసునా నీకు?"

"తెలుసు."

షంషుద్దీన్ కిటికీ బయట జొన్నచేలను చూస్తూ ఉండిపోయాడు. కోపం తెచ్చుకుంటాడని ఎదురుచూశాడు అలీ అహ్మద్. వచ్చి ఉంటే అది కొంత సాయంగా ఉండేది.

"నేనన్నా అడగల్య," అన్నాడు చివరికి. "అడిగితే చిటికెడు నిలిపేస్తావని. సరే, నాది పాయ. నీ చెల్లెలు ఖమ్రు గూడా పెట్టుకుంటాంది గదా. దాని నోరు ఎవరు చూస్తారు?"

ఆ రాత్రంతా అలీ అహ్మద్‌కు ఆ మాటే చెవిలో నిలిచింది.

తెల్లవారింది. కొట్టంలో కండెలు పంచడం అయింది. అలవాటు ప్రకారం డబ్బీ చేతిలోకి వచ్చింది. మగ్గాల మీది నుంచి అరచేతులు చాచుకుని ఉన్నాయి. మూల రాట్నం దగ్గర కండెలు చుడుతున్న అతని చెల్లెలు ఖమ్రున్నీసా, దారం మీది నుంచి చూపు తిప్పకుండానే ఎడమ చేయి చాచింది. ఆ చేతికి ఎవరూ చెప్పనక్కరలేదు.

బొటనవేలు డబ్బీ మూత మీద ఆగింది. చెబితే కొట్టం ఖాళీ కావచ్చు. అంతకంటే, మొగుణ్ణి పోగొట్టుకోబోతున్న చెల్లెలికి దానికి కారణం అన్నేనని తెలుస్తుంది. ఈ ఒక్క పూటకు ఇచ్చి, పగలు నెమ్మదిగా ఆలోచించవచ్చు. ఆ ఆలోచన ఎంత పాత చుట్టమో అతను గుర్తుపట్టాడు.

"ఏం మామా, ఆలోచన చేస్తాండావు? డబ్బీలో తేలు గాని దూరిందా?" అన్నాడు వెంకటేశు. వేముల నుంచి గొర్రెలు విడిచి మగ్గానికి వచ్చిన మనిషి, కొట్టంలో అందరికంటే నోరు గలవాడు.

"మగ్గం ఆపు వెంకటేశూ. అందరూ ఆపండి."

నాడెల చప్పుడు ఒక్కొక్కటిగా ఆగింది. అలీ అహ్మద్ నిలబడే చెప్పాడు. వార్డు చివరి మంచాన్ని గురించి చెప్పాడు. కొళాయి దగ్గర తాను ఉమ్మిన సంగతి చెప్పాడు. పులివెందుల పంచెల కోసం నోరు మూసుకున్నానని చెప్పాడు. షంషుద్దీన్ ఇక బతకడని చెప్పేటప్పుడు రాట్నం వైపు చూడలేకపోయాడు.

వెంకటేశు తన దవడలో నిన్నటిది ఏమైనా మిగిలి ఉందా అన్నట్టు నాలుకతో తడుముకున్నాడు. "అంటే, నీ నోరు కడుక్కోని వచ్చి మా నోట్లో పెడ్తాంటివా మామా?"

"అవును."

ఇంకొక మాట కలిపితే అది సాకు అవుతుంది. కలపలేదు.

ఖమ్రున్నీసా రాట్నం ముందు అట్లాగే కూర్చుని ఉంది. చాచిన చేయి ఇంకా వెనక్కి తీసుకోలేదు. "ఆయనకు చెప్పినావా?"

"చెప్పినా."

"ఏమనె?"

"నీ నోరు చూడమనె."

ఆమె లేచి, తనంత తాను వాకిట్లోకి వచ్చి, ఎండకు ఎదురుగా నిలబడి నోరు తెరిచింది. చిన్నప్పుడు పాలపన్ను ఊడితే ఇట్లాగే చూపించేది. ఎడమ దవడ లోపల, చిటికెడు ఆనే చోట, చింతగింజంత మచ్చ. తెల్లగా ఉంది.

"నొప్పి ఉందా?"

"నొప్పి ల్యా. కారం తగిలితే సురుక్కుమంటాది. శానా దినాలనుంచీ అంతే."

తెల్లగా ఉన్నప్పుడే, అన్నది డాక్టరమ్మ. కొట్టంలో ఆరు మగ్గాల మీదా సగం నేసిన పంచెలు ఉన్నాయి. ఎల్లుండికి పులివెందుల చేరాలి. అలీ అహ్మద్ వాటి వైపు ఒకసారి చూశాడు. డబ్బీ మూత తీసి, ఉన్నదంతా వీధి మోరీలో గుమ్మరించాడు.

"ఎనిమిది గంటల బస్సు ఉంది. నడువు."

మిగిలినవాళ్లను నోళ్లు చూసుకోమని, మచ్చ కనిపించినవాళ్లను ఇప్పుడే తమతో రమ్మని చెప్పాడు. ఒకరి నోరు ఒకరు వెలుతురుకు తిప్పి చూసుకున్నారు. వెంకటేశు మగ్గం గుంతలోంచి పైకి వచ్చి పంచె దులుపుకున్నాడు. "నాకూ ఏందో ఉందంటాండారు. వస్తా. కానీ నీ పక్కన కూచోను మామా."

ఇంటి ముందు అరుగు మీద షంషుద్దీన్ కూర్చుని ఉన్నాడు. భార్య చెప్పులు వేసుకుని అన్నవెంట పోవడం చూసి, ఏమీ అడగకుండా, పొండి అన్నట్టు చేయి ఊపాడు.

బస్సులో ఖమ్రున్నీసా ఆడవాళ్ల సీట్లో, వెంకటేశు చివరి వరుసలో కూర్చున్నారు. చెల్లెలి వేళ్లకు చుట్టుకున్న కండె దారం ఇంకా వేలాడుతూనే ఉంది. అలీ అహ్మద్ కండక్టరును పిలిచి, జమ్మలమడుగుకు మూడు టికెట్లు అడిగాడు.