చెప్పొద్దన్న మాట

లోర్నా పెటిగ్రూ కెనడాలోని సాస్కటూన్ కోర్టుల్లో పాతికేళ్ళు ముద్దాయిల తరఫున వాదించింది. యాభై మూడో ఏట నల్లకోటు విప్పేసి, బైబిలు చదువు పూర్తిచేసి, యూనివర్సిటీలో చాప్లెయిన్‌గా చేరింది. అంటే పిల్లల కష్టసుఖాలు వినే పాస్టరన్నమాట.

"నువ్వా? వినడమా?" అని పాత ఆఫీసు భాగస్వామి మెర్విన్ పగలబడి నవ్వాడు. "పెళ్ళిలో మీ ఆయన ప్రమాణం చేస్తుంటేనే మధ్యలో అడ్డుపడ్డావు కదా తల్లీ!"

నవ్వితే నవ్వాడుగానీ, అబద్ధం చెప్పలేదు.

చేరిన మూడో వారంలో బ్రిన్ అనే అమ్మాయి వచ్చింది. హాస్టల్లో ఆమె గదిలోనే ఉండే కార్లా ఫ్రీసెన్ పదిరోజుల క్రితం ఉబ్బసం ముదిరి, ఊపిరాడక చనిపోయింది. ఆ సంగతి క్యాంపస్ అంతటికీ తెలుసు. బ్రిన్ కూర్చోకుండానే మొదలుపెట్టింది.

"ఆ రోజు పొద్దున మేం పోట్లాడుకున్నాం. మధ్యాహ్నం తను మూడుసార్లు ఫోన్ చేసింది. చూశాను. కావాలనే..."

"ఆగు!" లోర్నా చెయ్యి దానంతటదే లేచింది. "ఇది ఇంకెవరికైనా చెప్పావా? ఎక్కడైనా రాశావా? ఇకమీదట ఎవరితోనూ ఒక్క ముక్క అనకు. వాళ్ళమ్మతో అసలే వద్దు."

బ్రిన్ మొహం పాలిపోయింది. "అంటే నేను చంపినట్టేనా?" అని, జవాబు కోసం చూడకుండా వెళ్ళిపోయింది.

లోర్నా తల పట్టుకుంది. తన దగ్గరికొచ్చిన ప్రతి ముద్దాయికీ మొదట చెప్పిన మాట అదే. ఎందరినో కాపాడిందీ అదే. ఇప్పుడు ఏ నేరమూ చేయని పిల్లకి ఆ మాటతోనే నేరం అంటగట్టింది. తనమీద తనకే అసహ్యం వేసింది.

హాస్టలుకి రెండుసార్లు వెళ్ళినా బ్రిన్ తలుపు తియ్యలేదు. మూడోసారి బట్టలుతికే గదిలో దొరికింది.

"తప్పు నాదమ్మా. నువ్వు చెప్పబోయిన మాట నిన్ను ఎక్కడ ఇరికిస్తుందో అని చూశానుగానీ, లోపల నిన్ను తినేస్తోందని చూడలేదు. ఇప్పుడు చెప్పు."

కోపంతో కావాలనే ఫోన్ ఎత్తలేదని బ్రిన్ చెప్పింది. 'నీ తప్పేం లేదు' అన్న మాట లోర్నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. అది మళ్ళీ వకాల్తాయే అవుతుంది.

"కార్లా వాళ్ళమ్మకి చెప్పకుండా బతకలేను. ఎలా చెప్పాలో మీరు నేర్పండి."

సాక్షులకు మాటలు నేర్పడంలో ఆరితేరిన మనిషి లోర్నా. "నేర్పను. పక్కన కూర్చుంటాను," అంది.

శనివారం ఇద్దరూ కార్లా వాళ్ళ ఊరు రోస్తర్న్ వెళ్ళారు. కార్లా తల్లి హెల్గా కాఫీ పోసింది. బ్రిన్ ఏడుస్తూ, తడబడుతూ, ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆపాలని ఎక్కడ చెయ్యి లేస్తుందోనని లోర్నా రెండు చేతులూ ఒళ్ళో బిగించుకుని కూర్చుంది.



"నీ తర్వాత నాకు ఫోన్ చేసింది," అంది హెల్గా. "మా బేకరీలో రద్దీగా ఉంది. సాయంత్రం మాట్లాడొచ్చులే అని కట్ చేశాను. ఈ మాట మా ఆయనక్కూడా చెప్పలేదు, తల్లీ."

బ్రిన్ లేచి వెళ్ళి ఆవిడని గట్టిగా పట్టుకుంది.