ఏటి ఒడ్డు మంచె

డాటీ అన్నిసార్లు నవ్వడమే లోర్నాకు నచ్చలేదు.

శుక్రవారం మధ్యాహ్నం ఊరు దాటినప్పటి నుంచీ అదే వరస. పికప్ వెనక సీట్లో కూర్చుని ఒకటే జోకులు. పెట్రోలు కోసం ఆగినచోట సాసేజ్ కూరిన కొలాచీ రొట్టెలు కొని, వద్దన్నా వినకుండా ఇద్దరి నోళ్లలో కుక్కింది. "నీ మొహానికి ఇవి నప్పుతాయే" అంటూ తన పచ్చరాళ్ల దుద్దులు ఊడదీసి అక్కడికక్కడే రేలీన్ చెవులకు పెట్టేసింది. అవి మొగుడు గిల్బర్ట్ పెళ్లినాడు ఇచ్చినవి. గిల్బర్ట్ పోయింది మొన్న చలికాలంలో. అప్పటి నుంచి నిన్నమొన్నటి దాకా డాటీ తిండి కూడా సరిగా తిన్నది లేదు. ఇప్పుడేమో ఈ నవ్వులు.

ముగ్గురూ ఒకే చోట స్కూలు బస్సులు నడుపుతూ జుట్టు నెరిపించుకున్నవాళ్లు. ఏటా బడులు మూయగానే వచ్చే వారాంతంలో లానో నది పక్కనున్న హాలిస్ రాంచ్‌కి వేటకు వెళ్లడం వాళ్లకు పండగ లాంటిది. రాంచ్ యజమాని హాలిస్ వాళ్ల తాత ఎక్కడెక్కడి నుంచో తెప్పించి వదిలిన చుక్కల దుప్పులు, కృష్ణజింకలు ఎత్తయిన కంచె లోపల మందలుగా పెరిగాయి. ముగ్గురికీ కావలసింది దుప్పే. దాని మాంసం ఫ్రీజర్‌లో ఉంటే క్రిస్మస్ దాకా దిగులుండదు.

ఆ సాయంత్రం తుపాకులు సరిచూసుకునేటప్పుడు డాటీ సంచిలోంచి గిల్బర్ట్ రైఫిల్ బయటికి తీసింది.

"నీది ఏమైందే?" అని అడిగింది లోర్నా.

"మా చెల్లెలి కొడుక్కి ఇచ్చేశాను. నాకెందుకు రెండు?"

హాలిస్ ఎవరికి ఏ మంచె కావాలో అడిగితే, డాటీ ఏటి ఒడ్డున ఉన్నదే కావాలంది. అది అన్నిటికంటే దూరం. రెండు రోజులూ తనకదే కావాలంది. ఎవరూ తోడు రానక్కర్లేదంది.

రాత్రి వంటింట్లో బీన్స్ కలుపుతున్న రేలీన్ పక్కన చేరి లోర్నా గొంతు తగ్గించింది. "దాన్ని చూస్తే నాకేదో భయంగా ఉందే."

"ఏం చూసి?"

"అన్నీ పంచిపెట్టేస్తోంది. ఊరికే నవ్వుతోంది."

"మొగుడు పోయినామె ఏడిస్తే ఇంకెన్నాళ్లంటారు, నవ్వితే ఇదేంటంటారు. దాని మానాన దాన్ని బతకనివ్వవే తల్లీ!" అని రేలీన్ గరిటెతో లోర్నా చేతిమీద మెల్లగా కొట్టింది.

 డాటీనే నేరుగా అడిగేద్దామనుకుంది లోర్నా. ఏమని అడుగుతుంది? లేనిపోని ఆలోచన తానే దాని బుర్రలో పెట్టినట్టవుతుందేమో! ఆ మాట నోటిదాకా వచ్చి, మళ్లీ లోపలికే పోయింది.

శనివారం పొద్దున ఎవరికీ ఏమీ దొరకలేదు. సాయంత్రం ఎండ వాలాక హాలిస్ పికప్‌లో ఒక్కొక్కరినీ ఒక్కో మంచె దగ్గర దింపుకుంటూ పోయాడు. "నేను బండి తెచ్చేదాకా ఎవరూ కిందికి దిగకండమ్మా. ఏదన్నా ఉంటే వాకీటాకీలో చెప్పండి" అన్నాడు, ఏటా చెప్పినట్టే. లోర్నా దిగుతుంటే డాటీ ఆమెను గట్టిగా కావలించుకుంది. వేటకు ముందు అది ఎప్పుడూ అలా చెయ్యలేదు.

మంచె మీద కూర్చున్నదన్న మాటేగాని లోర్నా మనసు మనసులో లేదు. మొక్కజొన్న చల్లిన చోటికి దుప్పుల మంద వచ్చింది. వాటి వెనక, ఆమె ఇన్నేళ్లలో చూడనంత పెద్ద కొమ్ముల మగదుప్పి చెట్లలోంచి బయటికొచ్చి పక్కకు తిరిగి నిలబడింది. లోర్నా రైఫిల్ ఎత్తనే లేదు. ఆమె చెవులు ఏటి వైపే ఉన్నాయి.

అప్పుడు వినబడింది. ఒకే ఒక్క దెబ్బ. ఏటి వైపు నుంచే. మంద చెల్లాచెదురైంది.

లోర్నా వాకీటాకీ అందుకుంది. "డాటీ! కొట్టావా?"

గరగర తప్ప జవాబు లేదు.

"డాటీ, పలుకు."

రేలీన్ గొంతు వచ్చింది. "దుప్పిని చూసుకోడానికి వెళ్లుంటుందే."

"వాకీటాకీ వదిలేసి వెళ్తుందా? రేలీన్, నేను దిగుతున్నాను. నీ మంచె ముందునుంచే నడుస్తాను, తుపాకి ఖాళీ చేసి పక్కన పెట్టు. హాలిస్, ఏటి మంచె దగ్గరికి బండి తీసుకురా!"

హాలిస్ ఏదో అంటున్నాడు గాని ఆమె వినిపించుకోలేదు. నిచ్చెన దిగి, రైఫిల్ భుజాన వేసుకుని, సున్నపురాళ్ల మీద తూలుతూ పరుగెత్తింది. ముళ్ల పొదలు చేతుల్ని గీరాయి. నిన్న రాత్రే అడగాల్సింది, నిన్న రాత్రే అడగాల్సింది అని లోపల ఒకటే గోల. దేవుడా, అడగడానికి ఇంకొక్కసారి నాకు వీలివ్వు అని పైకే అనేసింది.

ఆమె ఏటి మంచె చేరేసరికి హాలిస్ బండి కూడా వచ్చి ఆగింది. ఇద్దరూ పైకి చూశారు.  హాలిస్ నిచ్చెన ఎక్కాడు. "ఎవరూ లేరమ్మా" అన్నాడు. కుర్చీ మీద డాటీ టోపీ, ఆపేసిన వాకీటాకీ. రైఫిల్ లేదు.

మంచెకు కాస్త ముందు గడ్డి మీద నెత్తురు. పక్కన ఎర్రటి వెంట్రుకలు కూడా కనిపించాయి. "దుప్పిదే" అన్నాడు హాలిస్. "సరిగా తగల్లేదు. నడుముకి తగిలినట్టుంది." జాడ ఏటిలోకి దిగింది. లోర్నా ఆ వెనకే దిగింది.

ఒడ్డు మలుపులో, నీళ్లు పలచగా పారే చోట, డాటీ బురదలో చతికిలబడి ఉంది. బతికే ఉంది. చేతికందే దూరంలో మగదుప్పి ముందుకాళ్ల మీద లేవబోతూ, వెనక భాగం కదలక కూలబడిపోతూ ఉంది. డాటీ రెండు చేతులతో చెవులు మూసుకుని ఉంది.

"దీన్ని చంపవే లోర్నా," అంది వెక్కుతూ. "నా దగ్గర గుండు లేదు. దీన్ని ఇలా చూడలేను. చంపవే!"

లోర్నా రైఫిల్ దించింది. గురి తప్పలేదు. చప్పుడు ఏటి రెండొడ్లకూ కొట్టుకుని ఆగిపోయాక, నీళ్ల గలగల మళ్లీ వినబడింది.

ఆమె డాటీ పక్కన బురదలోనే కూర్చుంది.

"గుండు లేకపోవడమేంటే?"

"ఒక్కటే తెచ్చుకున్నా."

లోర్నా ఈసారి మాట మింగలేదు. "ప్రాణం తీసుకోడానికేనా?"

డాటీ బురద చేతుల్ని చొక్కాకి తుడుచుకుంది. "నిన్న రాత్రే అనుకున్నా. చేతకాలేదు. పొద్దున కూడా చేతకాలేదు. ఇప్పుడు ఇది వచ్చి ఎదురుగా నిలబడింది. ఎప్పుడు గురిపెట్టానో, ఎప్పుడు కాల్చానో నాకే తెలీదు. కాల్చాక చూసుకుంటే తుపాకి ఖాళీ." ఒక్కసారిగా ఆమె గొంతు లేచింది. "అదీ సరిగా కొట్టలేకపోయా! పాపం, దీన్నింత బాధపెట్టా!"

"నీ మీద ఒట్టు, నిన్ను చితకబాదాలనుంది," అంటూ లోర్నా ఆమెను ఒళ్లోకి లాక్కుంది. ఇద్దరూ ఏడ్చారు. హాలిస్ కాస్త దూరంలో ఆగిపోయి, అటు తిరిగి నిలబడ్డాడు.

కాసేపటికి లోర్నా గిల్బర్ట్ రైఫిల్ తీసి తన భుజానికి తగిలించుకుంది. "ఇది నీకు మళ్లీ దొరకదు. నువ్వు మీ ఇంటికి కాదు, మా ఇంటికొస్తున్నావు. ఇవాళే మీ చెల్లెలితో మాట్లాడతావు. తెల్లారగానే డాక్టరు దగ్గరికి వెళ్దాం."

"రేపు ఆదివారమే."

"అయితే ఆసుపత్రికి. అది ఎప్పుడూ తెరిచే ఉంటుంది."

"రేలీన్‌కి చెప్పకు."

"చెప్తాను. ఒక్కదాన్నే నిన్ను కాచుకోలేను."

చీకటి పడేలోగా హాలిస్, లోర్నా, డాటీ కలిసి దుప్పిని బండిలోకి ఎక్కించి, దారిలో రేలీన్‌నీ ఎక్కించుకున్నారు. ఆ వేడికి మాంసం ఆగదు. అందుకే బసకు చేరగానే షెడ్డు కింద వేలాడదీసి హాలిస్ కత్తి పట్టాడు. విషయం విన్న రేలీన్ మొహం పాలిపోయింది.  ఐసు పెట్టె ఈడ్చుకొచ్చి డాటీ పక్కనే నిలబడింది.

"కాలు పట్టుకోవే, జారిపోతోంది" అంది డాటీతో.

డాటీ రెండు చేతులా దుప్పి కాలు పట్టుకుంది. లోర్నా హాలిస్ దగ్గర ఇనప బీరువా తాళంచెవి తీసుకుని లోపలికి వెళ్లి, మూడు రైఫిళ్లూ పేలకుండా వాటి బోల్టులు ఊడదీసి, వాటినీ గుళ్ల పెట్టెలనూ బీరువాలో పెట్టింది. వంటింటి కత్తులు కళ్లబడ్డాయి. అవీ తీసి బీరువాలో పెట్టి తాళం వేసింది.

తిరిగి షెడ్డు వైపు వెళుతూ, ఇద్దరి గొంతులూ వినబడుతున్నాయా లేదా అని చెవులు రిక్కించింది. రేలీన్ ఒక్కతే మాట్లాడుతోంది. లోర్నా అడుగుల వేగం పెంచింది. అప్పుడు డాటీ ఏదో జవాబు చెప్పింది.