ఏడో పాట

ప్రతి శనివారం పదకొండింటి ట్రైన్‌లో ఏమోస్ టాలివర్ నేపర్‌విల్ ఊరికి వచ్చేవాడు. చనిపోయి ఎనభై ఏళ్లు దాటింది. వీధిలో అందరికీ తెలుసు. నడిచొస్తుంటే చెయ్యూపేవారు.

రిటైరైన గుండె డాక్టరు కేశవరావు ముప్పై ఏళ్లుగా ఆయన మీద పుస్తకం రాస్తున్నాడు. ఏమోస్ మిసిసిపీ పత్తిచేలల్లో పెరిగాడు. గిటారు మీద ఆరు బ్లూస్ పాటలు, నల్లజాతి కూలీల దుఃఖగీతాలు, రికార్డు చేసి, దిక్కులేకుండా పోయాడు. ఆయన మొదటిసారి గుమ్మంలో నిలబడ్డప్పుడు తనకోసమే వచ్చాడనుకున్నాడు కేశవరావు. తీగలు ఎలా శ్రుతి చేసేవారని అడిగితే గుర్తులేదన్నాడు ఏమోస్. నేరుగా వంటింట్లోకి వెళ్లి, చిక్కుళ్లు ఒలుస్తున్న కేశవరావు భార్య జ్ఞానప్రసూన పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

ఆవిడకి బ్లూస్ అంటే ఏమిటో తెలీదు. కేశవరావు కొని ఎన్నడూ వాయించని గిటారు ఒళ్లో పెట్టుకుని, తీగల మీద చిన్న స్టీలు గ్లాసు జార్చింది. ఒకప్పుడు తనూ అలాగే సీసా మెడ జార్చి వాయించిన ఏమోస్ నవ్వాడు. పాఠాలు మొదలయ్యాయి.

పక్కగదిలో కూర్చుని వినేవాడు కేశవరావు. ఒకరోజు ఏ రికార్డులోనూ లేని పాట వినిపించింది. ఏడో పాట. తను అడిగితే గుర్తులేదన్నవాడు ఆవిడకి నేర్పుతున్నాడు.

తర్వాతి శనివారం స్టేషన్‌కి వెళ్లి, జ్ఞానప్రసూన ఊళ్లో లేదని చెప్పాడు.

"ఇంట్లోనే ఉంది కదూ?" అన్నాడు ఏమోస్.

"ఉంది. కానీ ముప్పై ఏళ్లు మీకోసం ఎదురుచూసింది నేను."

ఏమోస్ "నిజమే," అని తిరుగు ట్రైన్ ఎక్కాడు. మళ్లీ రాలేదు.

మూడు శనివారాలు ఆవిడ కిటికీ దగ్గరే కూర్చుంది. నాలుగోవారం కేశవరావు ఉండబట్టలేక జరిగింది చెప్పేశాడు. ఆవిడ లేచి గిటారు సంచిలో పెట్టింది.

"ఆయన చెల్లెలి కూతురు రూత్ మిసిసిపీలో ఉందట. ఆ పాట తనకి వినిపించమన్నారు. కారు తియ్యండి," అంది.

కేశవరావు రోజంతా కారు నడిపాడు, ఆవిడ వెనకసీట్లో గిటారు పక్కన కూర్చుంది.

తొంభై దాటిన రూత్ వరండాలో కూర్చుని, జ్ఞానప్రసూన వాయించిన పాటంతా విన్నది. కర్ర అందుకుని వాళ్లని చర్చి వెనక్కి తీసుకెళ్లి, గడ్డిలో పేరులేని ఒక రాయి చూపించింది. "మావయ్య సమాధి," అంది. ఎక్కడ పూడ్చారో తెలీక కేశవరావు రాయని అధ్యాయం అదే. నోట్‌బుక్ తీశాడు.

"నువ్వూ వాయిస్తావా?" అని అడిగింది రూత్.

"లేదు. ఆవిడ భర్తని," అన్నాడు కేశవరావు.

"మావయ్య దగ్గర ఊరికే నిలబడకూడదు. పాడు."

పక్కగదిలో విని విని ఆయనకి పాటంతా వచ్చు. నోట్‌బుక్ జేబులో పెట్టి మొదలుపెట్టాడు. రెండో మాటకే గొంతు పైకి అందక ఆగిపోయాడు.

జ్ఞానప్రసూన ఆయన వైపు చూడలేదు. చేతిలోని గిటారు తీగలు వదులు చేసి, ఆయన గొంతుకి సరిపోయేలా శ్రుతి దించింది.