గురువారపు స్తంభం

మనిషి అబద్ధమాడవచ్చును గాని, అతని చేతిలోని నీళ్లగిన్నె ఆడదు. అమెరికాలోని ఫోర్ట్ వేన్ నగరపు బర్మా విహారంలో ధర్మకర్తల పెద్దగా వెలుగుతున్న ఊ ఫో మ్యాకు ఈ మహాసత్యం ఒక ఆదివారం ఉదయం సాక్షాత్కరించింది. పగోడా చుట్టూ వారానికో స్తంభం, స్తంభానికో బుద్ధుడు, ఆయన పాదాల కింద ఒక జంతువు. ఎవరు పుట్టిన వారపు స్తంభానికి వారు నీళ్లు పోసి మొక్కుకోవాలి. గురువారం పుట్టిన ఆయన యథావిధిగా పడమటి స్తంభం దగ్గర తన ఎలుకను అభిషేకించడానికి వెళ్లాడు. అక్కడ అప్పటికే థజిన్ నీళ్లు పోస్తోంది.

థజిన్ ఆయనకు కాబోయే కోడలు. శుక్రవారం పుట్టిందని వాళ్ల మాట; పేరు కూడా శుక్రవారానికి చెల్లే అక్షరంతోనే మొదలవుతుంది. శుక్రవారానికి గినీపంది, అంటే బొద్దెలుకలా ఉండే తోకలేని జీవి, ఉత్తరపు స్తంభం. కొడుకు నే లిన్‌ది శనివారం, అనగా నాగు. నాగుకూ గినీపందికీ పేచీ లేదు. నాగు ఎలుకతో కాపురం చేస్తే ఎన్నాళ్లు సాగుతుందో చెప్పడానికి మాత్రం జ్యోతిష్కుడు అక్కరలేదు. గురువారపు పిల్లకు శుక్రవారపు పేరు తొడిగి అంటగడుతున్నారన్నమాట! వచ్చే ఆదివారమే ఆమె తల్లి ఊరవేసిన తేయాకు పళ్లెం తెస్తుంది. అందులోంచి చిటికెడు నోట వేసుకున్నాడా, సంబంధం ఖాయమైనట్టే.

విచారణ మొదలైంది. పిల్ల పుట్టిన వారమేదని తల్లిని అడిగితే తడుముకోకుండా శుక్రవారమన్నది. నిజం చెప్పేవాళ్లు కాస్తయినా తడుముకుంటారని ఆయన అనుభవం. ఇండియానాపొలిస్‌లోని పినతల్లి కూడా అదే మాట చెప్పింది, కూడబలుక్కున్నారని తేలిపోయింది. కొడుకు పాత కేలండరు వెతికి మరీ శుక్రవారమే అని చూపించాడు. పాపం, వాణ్ణీ లోబరుచుకున్నారు. ఆరోపణ మొత్తం విన్న భార్య డా ఖిన్ ఛో మొహింగా గిన్నె ఆయన ముందు పెట్టి, చేపల పులుసులో సేమ్యా తేలుతుండగానే తీర్పు చెప్పింది.

"ఎలకల్ని పట్టడానికి ఇంట్లో పిల్లి ఉంది. మీరు తినండి."

ఆయన మొదటి ముద్దను వాసన చూసి గాని మింగలేదు.

ఆదివారం విహారం ముందు కారులో కూర్చుని, పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ మాటు వేశాడు. థజిన్ వచ్చింది. తిన్నగా పడమటికే నడిచింది. వెనకాల తల్లి తేయాకు పళ్లెంతో వస్తోంది, ఆమె పక్కన నే లిన్, డా ఖిన్ ఛో. పళ్లెం దగ్గరికి రాకముందే నేరం రుజువు కావాలని ఆయన పరుగు లాంటి నడకతో వెళ్లి స్తంభానికి అడ్డంగా నిలిచాడు.

"అమ్మాయ్, నువ్వు పుట్టింది ఏ రోజు?"

"శుక్రవారం, మామయ్యా."

"మరి ఎలక్కెందుకు పోస్తున్నావ్ నీళ్లు?"

థజిన్ ఆయన్నీ, స్తంభాన్నీ మార్చి మార్చి చూసింది.

"ఎలకెక్కడ మామయ్యా? ఇది గినీపంది కదా. ఉత్తరాన ఉండాల్సింది ఇక్కడుందేంటా అనుకున్నా. పరాయి దేశం కదా, దిక్కులు కూడా సర్దుకుపోయాయేమో అని ఊరుకున్నా."

ఆ విగ్రహాలను మాండలే నుంచి తెప్పించి, పెట్టెలు విప్పించి, ఏది ఎక్కడ నిలపాలో స్వయంగా శాసించిన మహానుభావుడు ఊ ఫో మ్యాయే. స్తంభం అడుగున దాతగా చెక్కి ఉన్నదీ ఆయన పేరే. ఆయన కళ్లజోడు సర్దుకుని మోకాళ్ల మీద వంగాడు. ఇన్నేళ్లుగా తాను కడిగి, తుడిచి, కష్టసుఖాలు చెప్పుకున్న ఆ ప్రాణిని మొట్టమొదటిసారిగా వెనుక వైపు నుంచి చూశాడు.

"ఏమైంది నాన్నా?" అన్నాడు నే లిన్.

ఊ ఫో మ్యా లేచి, పళ్లెంలోంచి చిటికెడు కాదు, గుప్పెడు తేయాకు తీసి నోట్లో కుక్కుకున్నాడు. నోరు నిండినవాణ్ణి ఎవరూ ప్రశ్నలడగరు. పెళ్లి ఖాయమైందని ఆడవాళ్లు సంతోషించారు.

ఎలుకకు తోక లేదు.