మూడో పరుగు

నేను ఒక ఎర్ర హెల్మెట్‌ని. పుట్టింది తలను కాపాడటానికే అయినా, నా మొదటి యజమాని నన్ను మోచేతికి తగిలించుకుని తిరిగేవాడు. కూడలిలో పోలీసు కనిపించినప్పుడే నాకు తల దొరికేది. ఆయన కారు కొనుక్కున్నాక దానం చేసిన పుణ్యమైనా దక్కుతుందని నన్ను విజయనగరంలో ఒక కార్ల క్లబ్బుకిచ్చేశాడు.

ఆ క్లబ్బువాళ్ళు ఆదివారాలు మూతబడిన మిల్లు ఆవరణలో ప్లాస్టిక్ కోన్లు వంకరటింకరగా పేరుస్తారు. వాటిని పడగొట్టకుండా ఒక్కో కారూ ఎంత త్వరగా తిరిగొస్తుందో గడియారం పెట్టి చూస్తారు. వచ్చినవాళ్ళని మూడు గుంపులు చేస్తారు. ఒక గుంపు నడుపుతుంటే ఇంకో గుంపు పడిన కోన్లు నిలబెట్టాలి. మూడోది నీడన కూర్చుని అందరికీ సలహాలిస్తుంది. గంటకోసారి ఈల వేసి మారుస్తారు. మనిషికి మూడు పరుగులు.

గుంపులు వేసేది భానోజీ గారు. ఒక ఆదివారం హెల్మెట్ లేకుండా వచ్చినవాళ్ళు ఆరుగురు. తలకి హెల్మెట్ లేనిదే అక్కడ కారు నడపనివ్వరు. క్లబ్బుకున్నది నేనొక్కదాన్ని. మిగతావాళ్ళు తమవి ఇవ్వరు, ఇంకొకరి తలనూనె అంటుకుంటుందని. ఆయన ఆ ఆరుగురినీ ఒకే గుంపులో వేసి, "అందరూ ఒక్కచోటుంటే హెల్మెట్ వెతుక్కునే పనుండదు" అన్నారు తృప్తిగా.

ఆ గుంపులో చివరి పేరు సంపూర్ణది. కారు మొగుడూ పెళ్ళాలిద్దరిదీ, తాళం మాత్రం సన్యాసిరావు జేబుది. "ఒక్క పరుగైనా కోను పడకుండా తిప్పు. రేపట్నుంచి తాళం నీ దగ్గరే ఉంటాది" అన్నాడాయన, ఆవిడ కట్టి తెచ్చిన ఇడ్లీలు తింటూ.

సంపూర్ణ బోర్డు చూసి భానోజీ గారి దగ్గరికెళ్ళింది. "హెల్మెట్ ఒకటే కదండీ. గుంపుకి ఇద్దరేసి చొప్పున వేస్తే ఎవరూ కాచుకోనక్కర్లేదు."

"ఇప్పుడు మారిస్తే గందరగోళం అయిపోతాదమ్మా. పేర్లు బోర్డు మీద రాసీసేను."

బోర్డు పక్కనే తడిగుడ్డ ఉంది. నాకు కనబడుతూనే ఉంది. చెప్పేదెలా?

ఇక నన్ను ఒక తల మీంచి ఊడదీసి ఇంకో తలకి ఎక్కించడమే సరిపోయింది. ఒక లెక్చరరు కళ్ళద్దాలతో సహా దూరబోయి, అద్దాలు నాలో పోగొట్టుకున్నాడు. ఒక పళ్ళ డాక్టరు తల లోపలికైతే దిగింది గాని, పైకి రావడానికి ఇద్దరు పట్టి లాగాల్సి వచ్చింది. గంట కరిగిపోతూనే ఉంది.

మొదటి పరుగులో సంపూర్ణ మూడు కోన్లు పడగొట్టింది. రెండోసారి ఒక్కటే, అదీ చివరి మలుపులో. "బ్రేకు కాస్త ముందు వెయ్యాలి" అని గొణుక్కుంది. నాకు వినిపించింది.

మూడోసారి నన్ను తొడుక్కుని, బెల్టు పెట్టుకుని, గేరు మీద చెయ్యి వేసింది. ఈల మోగింది.

"టైమైపోయిందమ్మా. మీ గుంపు కోన్ల దగ్గరకెళ్ళాలి."

"నిమిషం పనండీ."

"ఒకరికిస్తే అందరూ అడుగుతారు."

అడగడానికి ఇంకెవరూ మిగల్లేదు. తక్కిన ఐదుగురి పరుగులూ అప్పటికే అయిపోయాయి.

సంపూర్ణ నన్ను వెంటనే తియ్యలేదు. ఇంజను ఆపి, స్టీరింగు పట్టుకుని కళ్ళు మూసుకుంది. ఎడమ, కుడి, మళ్ళీ ఎడమ అని పెదవులు కదులుతున్నాయి. ఊపిరికి నా అద్దం మసకబారింది. చివరి మలుపు దగ్గర కాలు కాస్త ముందుగానే బ్రేకు మీద ఆనింది.

కిటికీలోంచి సన్యాసిరావు చెయ్యి లోపలికొచ్చింది. "తాళమియ్యి. మళ్ళీసారి చూద్దాంలే." ఆ మాట జాలిగానే అన్నాడు. ఆవిడ తాళమిచ్చి, నన్ను సీటు మీద పెట్టి, ఎండలో ఇతరులు పడగొట్టిన కోన్లు నిలబెట్టడానికి వెళ్ళింది. మళ్ళీసారి రాలేదు.

ఇప్పుడు క్లబ్బుకి కొత్త హెల్మెట్ వచ్చింది. హెల్మెట్ లేనివాళ్ళంతా ఇప్పటికీ ఒకే గుంపు. నేను సామాన్ల గదిలో ఓ మూల ఉన్నాను. లోపలి స్పాంజి ఎలుకలు కొరికేశాయి. భానోజీ గారు తన ఈల నాలోనే దాస్తారు.

ఆ మూడో పరుగులో ఒక్క కోనూ పడలేదు. అది తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఎవరికైనా చెబుదామంటే, నోరుండాల్సిన చోట నాకు ఉన్నదంతా ఖాళీ.