వరమ్మకు దొరకని రక్తనాళం

వరమ్మ గుండెలో మూడు చోట్ల పూడికలున్నాయని తెనాలి ఆసుపత్రిలో యాంజియోగ్రామ్ తీసి చెప్పారు. రక్తనాళాలు బాగా గట్టిపడిపోయాయి, స్టెంట్లు పనికిరావు, ఒంట్లో ఇంకోచోటి రక్తనాళం తీసి, పూడిక దాటి రక్తం పోయేలా గుండెకు అతికే బైపాస్ చేయాల్సిందే అన్నారు. ఆమెకు అరవై మూడేళ్లు, పదేళ్లుగా షుగరు. ఒకప్పుడు అంగలకుదురు పొలాల్లో నాట్లు వేసిన మనిషి. ఎడమ రొమ్ముకు క్యాన్సర్ వచ్చి తగ్గినప్పటి నుంచి బాపట్లలో కూతురు బ్లెస్సీ దగ్గరే ఉంటోంది.

బ్లెస్సీ అక్కడ కాలేజీ ఆఫీసులో గుమస్తా. ఆమె పై అధికారి జనార్దనరావుకు తొమ్మిదేళ్ల కిందట బైపాస్ అయింది. ఆయన చొక్కా చేయి పైకి లాగి, మణికట్టు నుంచి మోచేతి దాకా ఉన్న గాటు చూపించారు. కాలి సిర తీసి అతికితే కొన్నేళ్లకు మళ్లీ పూడుకుపోవచ్చని, చేతిలోది అంతకన్నా ఎక్కువ కాలం వస్తుందని, అన్నిటికన్నా ఛాతీ లోపలిది మేలని చెప్పారు. "డాక్టరు గారిని గట్టిగా అడుగమ్మా. కాలిది వద్దను," అన్నారు. బ్లెస్సీ అవన్నీ కాగితం మీద రాసుకుంది. నెల రోజులుగా లేని నిద్ర ఆ రాత్రి ఆమెకు పట్టింది.

గుండె సర్జన్ కృష్ణచైతన్య వారానికి ఒకసారి గుంటూరు నుంచి తెనాలి వచ్చేవారు. ఆయన వరమ్మ చీర అంచు కాస్త పైకి తీయమని కాళ్లు చూశారు. నీళ్లలో నిలబడి నిలబడి ఉబ్బిన నరాలను ఎప్పుడో ఆపరేషన్ చేసి తీసేశారు. రెండు కాళ్లలోనూ వాడుకోదగ్గ సిర మిగల్లేదు. క్యాన్సర్ వచ్చినప్పుడు ఎడమ ఛాతీకి ఇరవై ఐదు రోజులు రేడియేషన్ ఇచ్చారు. ఆ వైపు రక్తనాళం దెబ్బతిని ఉంటుందని, నమ్మడానికి లేదని అన్నారు. కుడి మణికట్టు రక్తనాళంలోంచే గొట్టం పంపి యాంజియోగ్రామ్ తీశారు కాబట్టి అదీ పనికిరాదు.

ఎడమ చేయి ఒక్కటే మిగిలింది.

పిడికిలి బిగించమని, మణికట్టుకు రెండు వైపులా నొక్కి పట్టుకున్నారు డాక్టరు. విప్పమన్నారు. అరచేయి తెల్లబడింది. చిటికెన వేలి వైపు పట్టు వదిలారు. ఆ వైపు నుంచి రక్తం వచ్చి చేతికి రంగు రావాలి. బ్లెస్సీ మనసులో అంకెలు లెక్కపెట్టుకుంది. పదిహేను దాటినా అరచేయి తెల్లగానే ఉంది. ఇందులోది తీస్తే చేయే పోతుందని చెప్పి ఆయన మెల్లగా వదిలేశారు.

వరమ్మ తన చేతి వంక చూసుకుంది. "ఇంకెక్కడా లేదాండి? కోస్తే బతుకుతానంటే నాకేం భయం లేదండి," అంది.

కుడి ఛాతీలో ఒకటి ఉందన్నారాయన. కానీ ఒక్కదానితో మూడు పూడికలూ దాటలేరు. పైగా షుగరు, రేడియేషన్ తగిలిన రొమ్ము ఎముక. కోస్తే మళ్లీ అతుక్కోదేమోనని ఆయన భయం. ఆపరేషన్ బల్ల మీద నుంచి లేచినా పుండుతో పోయే ప్రమాదం ఉందని దాచకుండా చెప్పారు.

బ్లెస్సీ తన రెండు చేతులూ బల్ల మీద పెట్టింది. "నావి తీసుకోండి సార్. రెండిట్లోవీ తీసుకోండి."

"ఇంకొకళ్లది నిలవదమ్మా. తొందరగా మూసుకుపోతుంది. ఆవిడ ఒంట్లోదే కావాలి," అన్నారు డాక్టరు. ఆ తర్వాత మాత్రలు రాయడం మొదలుపెట్టారు.

హైదరాబాదులో ఇంకో ఇద్దరు సర్జన్లకు ఆ రిపోర్టులు పంపింది బ్లెస్సీ. ఒకరు జవాబివ్వలేదు. రెండో ఆయన కూడా మందులే వాడమన్నారు.

వర్షాలు తగ్గాక, రేపల్లెలో ఉన్న చెల్లెల్ని చూడాలంది వరమ్మ. తెనాలి స్టేషనులో ప్లాట్‌ఫాం మారడానికి మెట్లెక్కుతూ మూడు సార్లు ఆగింది. నాలుక కింద మాత్ర పెట్టుకుని, రైలు వెళ్లిపోతుందేమో చూడమంది. కూతురు ఎత్తుకుంటానంటే ఒప్పుకోలేదు. రైల్లో కిటికీ పక్కన కూర్చుని, కోతకొచ్చిన వరిని చూస్తూ ఈసారి గింజ బాగా పట్టిందని అంది. రేపల్లె చేరిన నాలుగో రోజు ఉదయం, చెల్లెలు కాఫీ కలుపుతుండగా కుర్చీలోనే పోయింది.

సమాధి కార్యక్రమం అయ్యాక చర్చి బయట ఒక్కొక్కరే వచ్చి, ఆపరేషన్ ఎందుకు చేయించలేదని బ్లెస్సీని అడిగారు. మొదటి ఆమెకు అంతా చెప్పింది, కాళ్ల దగ్గర మొదలుపెట్టి. సగంలోనే ఆమె ఎవరో పిలిస్తే వెళ్లిపోయింది. రెండో ఆయన, మీ అమ్మ భయపడి వద్దందా అన్నాడు.

"లేదండి. మా అమ్మ భయపడలేదు," అంది బ్లెస్సీ.

మరి ఎందుకు చేయించలేదని ఆయన మళ్లీ అడిగాడు. కుదరలేదండి అని మాత్రం చెప్పి, ఆమె వెళ్లి పిన్ని పక్కన కూర్చుంది.